గీత దక్కాలి : ఎన్‌గ్రేవింగ్‌లో కచ్చితమైన కొలత

వడ్రంగి చెక్కపై గీత గీసి రంపం పట్టినప్పుడు సరిగ్గా గీతమీద కోయడు. పనికిరాని ముక్కవైపు రంపాన్ని ఆనించి, గీత దక్కేటట్లు కోస్తాడు. పొట్టుగా రాలిపోయే మందం ఏ ముక్కలోనుంచి పోవలెనో అతనికి తెలుసు. కంప్యూటర్‌తో నడిచే ఎన్‌గ్రేవింగ్ యంత్రంపై పనిచేసే మేము ఈ చిన్న సూత్రాన్ని నలభై పలకలు పాడుచేసుకొన్న తరువాత గాని గ్రహించలేకపోయాము.

కర్మాగారంలో స్విచ్ బోర్డులపైన కనిపించే నల్లని పేరుపలకలను, వాటిపై తెల్లని అక్షరాలను పాఠకులు చూచియే ఉంటారు. రెండు రంగుల పొరలు గల ఈ ప్లాస్టిక్ రేకును ట్రాఫోలైట్ అంటారు. ఇంగ్లండులోని ట్రాఫర్డ్ పార్కులో మెట్రోపాలిటన్-వికర్స్ సంస్థ 1927లో దీనిని తయారుచేసింది. పై పొరను చెక్కితే అడుగు పొర రంగు అక్షరమై బయటపడుతుంది. చిన్న వస్తువే అయినా, షట్‌డౌన్ వేళ ఏ బ్రేకరును తెరవవలెనో కార్మికునికి చెప్పేది ఆ పలకయే. అది వదులై ఊడిపడినచో ఊహపై ఆధారపడవలసి వస్తుంది. ప్రాణాలతో ముడిపడిన చోట ఊహకు తావుండరాదు.

ఒక పర్యాయం, చట్రంలో ఇమిడి స్క్రూలతో బిగియవలసిన 60 × 20 మి.మీ. పలకలు 60.2 × 20.2గా వచ్చాయి. 4.2 మి.మీ. రంధ్రాలు 4.0కు తగ్గి స్క్రూలు దూరలేదు. తొందరలో మేము డ్రాయింగునే మార్చి, పలకను 59.8 × 19.8గా, రంధ్రాన్ని 4.4గా వేశాము. ఆనాటికి పని జరిగిపోయింది. తరువాతి నెలలో కొత్త కట్టరు బిగించి, అదే డ్రాయింగుతో కోసిన నలభై పలకలు చట్రాలలో గలగలలాడాయి.

కారణం వెతుకగా తేలినది ఇది. టూల్ పాత్ అనగా కట్టరు కేంద్రం నడిచే దారి. దానిని గీతపైన, గీతకు వెలుపల, గీతకు లోపల అని మూడు విధాలుగా నిర్ణయించవచ్చు. 3 మి.మీ. కట్టరును గీతపైన నడిపితే 60 మి.మీ. పలక 57 అవుతుంది. కనుక పలక అంచుకు వెలుపల, రంధ్రానికి లోపల నడపాలి. అప్పుడు సాఫ్ట్‌వేర్, మనం చెప్పిన వ్యాసంలో సగం దూరం దారిని జరుపుతుంది. మా పాత కట్టరు పలుమార్లు సానపట్టగా 2.8కి తగ్గింది. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం మేము 3 అనియే చెప్పియున్నాము. ప్రతి అంచున 0.1 చొప్పున మిగిలిపోయింది.

లోపమెక్కడున్నదో కొలతలే చెబుతాయి. పలక పెద్దదై, రంధ్రం అంతే చిన్నదైతే సాఫ్ట్‌వేర్‌లో కట్టరు వ్యాసం ఎక్కువగా ఇచ్చినట్లు. పలక చిన్నదై, రంధ్రం పెద్దదైతే, ఇచ్చిన వ్యాసం తక్కువైనా కావచ్చు, కట్టరు కోలెట్‌లో వంకరగా తిరుగుతూనైనా ఉండవచ్చు. డయల్ గేజితో చూడాలి. 60 మి.మీ.లో 0.2, 120 మి.మీ.లో 0.4 చొప్పున తేడా పొడవుతోపాటు పెరిగితే యంత్రపు చలనాన్ని సరిచేయాలి. ఈ మూడింటిలో దేనికీ డ్రాయింగు కారణం కాదు.

ఒకే అంచు గల కట్టరును మైక్రోమీటరుతో కొలవడం కష్టం. అందుచేత అదే రేకు ముక్కపై, అదే వేగంతో, అదే లోతున 20 మి.మీ. చదరాన్ని వెలుపలి దారితో కోసి వెర్నియర్‌తో కొలుస్తాము. 20.2 వస్తే, ఇచ్చిన 3 నుండి 0.2 తీసివేసి 2.8 అని నమోదు చేస్తాము. ఒత్తిడికి కట్టరు వంగకుండా ముందుగా 0.2 మి.మీ. మిగిల్చి, చివర పలుచగా మరొక కోత వేస్తాము.

అక్షరాలు చెక్కే కోణపు కట్టరుతో లోతే వెడల్పును నిర్ణయిస్తుంది. 60 డిగ్రీల కోణం, 0.2 మి.మీ. మొన గల కట్టరు 0.3 లోతున 0.55 వెడల్పు, 0.4 లోతున 0.66 వెడల్పు గీత చెక్కుతుంది. కావున రేకు కొద్దిగా ఉబ్బినా పేరులో ఒక కొస అక్షరాలు లావవుతాయి. రేకును సమతలమైన బల్లపై రెండువైపులా అంటుకొనే టేపుతో పరచడం దీనికి నివారణ.

నేడు మా విభాగంలో ప్రతి కట్టరు పెట్టెపై కొలిచిన వ్యాసం, కొలిచిన తేదీ వ్రాసిన చీటీ ఉంటుంది. సానపట్టినప్పుడెల్లా చీటీ మారుతుంది. డ్రాయింగులో పలక తిరిగి 60 × 20, రంధ్రం 4.2. వాటిని ఇక ఎవరమూ ముట్టలేదు.