చిన్న పట్టణము – చుట్టుపట్ల పల్లెలు

పట్టణమనిన వెంటనే పెద్ద మేడలును, విశాలమైన వీథులును మన మనస్సునకు దోచును. గాని రైతునకు నిత్యము పనిబడునది అట్టి మహానగరముతో గాదు. ఎరువు కొనుటకు, పండిన సరకు అమ్ముటకు, పశువును వైద్యునకు చూపుటకు, బిడ్డను చదివించుటకు, అప్పు తెచ్చుకొనుటకు మనము పోవునది మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి చిన్న పట్టణములకే. ఈ పట్టణములు దేనివలన బ్రతుకుచున్నవి? వానిని బ్రతికించు పల్లెలకు వానివలన తిరిగి వచ్చుచున్నదెంత? ఈ రెండు ప్రశ్నలను సంఘసభ్యులెల్లరును ఒకమాఱు విచారింపవలయునని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

చిన్న పట్టణపు నడివీథిలో వడ్లు పండవు, పాలు పొంగవు. అచ్చటి బట్టలకొట్టు, పూటకూటి యిల్లు, లారీల బాడుగ, మండీ గుమాస్తా జీతము, బడికి కట్టు రుసుము, ఇవి యన్నియు చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన రూకలతోనే నడచును. వానలు చక్కగా కురిసిన యేడు కొట్లలో బేరము సాగును. కరవు వచ్చిన యేడు కొట్టువాడు ఈగలు తోలుకొనుచు కూర్చుండును. పల్లెలు వాగులు, పట్టణము చెరువు. వాగులు పారిననే చెరువు నిండును. అయితే చెరువునకు తూము వలయును గదా! నిండిన నీరు మరల పొలములకు పారుటకు తూము లేనిచో, ఆ చెరువు ఎంత పెద్దదైనను ఆయకట్టునకేమి లాభము?

మదనపల్లె

మదనపల్లె పేరు చదువరులకు పలువిధముల తెలిసినదే. జిడ్డు కృష్ణమూర్తిగారు 1895లో ఈ యూర జన్మించిరి. అనీబిసెంటమ్మగారు 1915లో ఇచ్చట కళాశాలను స్థాపించిరి. 1919లో రవీంద్రనాథ ఠాకూరుగారు ఆ కళాశాలయందు కొన్ని దినములు విడిసి, “జనగణమన” గీతమును ఇంగ్లీషులోనికి తర్జుమా చేసిరి. ఇచ్చటి పొడిగాలి క్షయరోగులకు హితమని యెంచి, దాపుననున్న ఆరోగ్యవరమున 1915లో చికిత్సాలయమును తెఱచిరి.

రోగికి మేలుచేసిన యా శీతోష్ణస్థితియే టమోటాకును మేలుచేసినది. ఈ ప్రాంతము సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. కావున వేసవియందు తక్కిన మైదానములలో పూత రాలి కాపు తగ్గు కాలమున, ఇచ్చట చెట్టు కాయుచుండును. అందుచేతనే దేశమున మిక్కిలి పెద్దవైన టమోటా అంగళ్లలో నొకటి ఈ చిన్న పట్టణమున వెలసినది. ఇచ్చటినుండి లారీలు పొరుగు రాష్ట్రములకే గాక ఉత్తరదేశమునకును పోవుచున్నవి.

అయినను అంగడి పెద్దదైనంత మాత్రమున రైతు పెద్దవాడు కాలేదు. ఏలయో చూతము. నారు నాటిన 60, 70 దినములకు మొదటి కోత వచ్చును. అటుపిమ్మట మూడు నాలుగు దినములకొకసారి కోయక తప్పదు. కోసిన కాయ వారము దినములు నిలువదు. మండీవారివద్ద ముందుగా పెట్టుబడికి రూకలు తెచ్చుకొన్న రైతు, ఆ మండీకే సరకు చేర్చవలయును. వేలములో ధర తక్కువగా నున్నదని పెట్టెలను తిరిగి యింటికి తెచ్చుకొనుటకు వీలులేదు. అమ్మువానికి తొందర, కొనువానికి తీరిక. ధర యెవరి చేతిలో నుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱియొక చిక్కు మనము చేసికొన్నదే. 2023వ సంవత్సరము జూలై నెలలో ఈ యంగడిలో మేలురకపు టమోటా కిలో నూరు రూపాయలను దాటినది. అట్టి ధర చూచిన వెంటనే ఊరూర నారుమళ్లు లేచును. అందఱి కాయయు రెండు మూడు నెలలకు ఒక్కమాఱే అంగడికి వచ్చును. ఆ 2023లోనే రెండు నెలలు తిరుగకముందే ధర మిక్కిలి పడిపోయినది. మాటవరుసకు, ఒక పెట్టెకు కోతకూలి, బండిబాడుగ, కమీషను కలసి 60 రూపాయలగుననుకొందము. వేలమున పెట్టె 50 రూపాయలు పలికినచో, కోసిన ప్రతి పెట్టెకును రైతు 10 రూపాయలు ఎదురిచ్చినట్లే. ఎరువు, మందు, నీరు, తన చెమట యిందులో చేరనే లేదు. కావుననే కాచిన తోటలో మేకలను తోలుట మనము చూచుచున్నాము. ఆ ధరను చూచి నాటుట గడచిన వర్షమును చూచి విత్తుటవంటిది.

పుంగనూరు

పుంగనూరు పేరు లోకమునకు తెలిసినది పొట్టి యావువలన. దీని యెత్తు సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్లు, అనగా రెండు మూరలకు లోపు. కొద్దిపాటి మేతతో, కరవుకాలపు ఎండుగడ్డితో నైనను నిలుచును. పాలు కొంచెమే, కాని సామాన్యముగ ఆవుపాలలో నూటికి మూడు నాలుగు పాళ్లు వెన్న యుండగా, దీని పాలలో ఎనిమిది పాళ్లవరకు నుండునని చెప్పుదురు. పూర్వమీ యూరు జమీందారీ కేంద్రము. చుట్టుపట్ల రైతులు తరతరములుగా ఏఱి యేఱి పెంచినందువలననే ఈ జాతి నిలిచినది.

పాలు ఎక్కువ కావలయునని సీమజాతి ఆబోతులతో సంకరము చేయసాగిన పిదప, మేలైన పుంగనూరు ఆబోతు పల్లెలో కనబడుట అరుదైనది. సంకరజాతి ఆవును పెంచుట తప్పని మేమనము. నీరు, పచ్చిమేత గలవానికి అది లాభమే. కాని మెట్టరైతు ఇంటనుండిన కరవుపశువును పోగొట్టుకొని, మేత కొనవలసిన పశువును తెచ్చుకొనెను. జాతి నశించిపోవునను భయము పుట్టగా, పలమనేరునందలి పశుపరిశోధనస్థానమువారు దానిని కాపాడుటకు పూనుకొనిరి. ఇప్పుడు నగరములయందలి ధనికులు ముచ్చటకై ఈ దూడలను పెద్ద వెలకు కొనుచున్నారు. వెల హెచ్చుట సంతోషమే. అయితే మేలైన పెయ్యలెల్ల నగరపు తోటలకు పోయినచో, పుంగనూరుకు పేరు మాత్రము మిగులును.

కుప్పము

కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. అచ్చటి సంతలో తెలుగు, అరవము, కన్నడము మూడును వినబడును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచ్చట వెలసినది. రైలుదారి యుండుటవలన తెల్లవారకముందే కూలికై బెంగుళూరు పోవువారనేకులు. మల్బరీ తోట వేసి పట్టుపురుగులను పెంచువారును గలరు.

పట్టుపురుగు సుమారు నాలుగు వారములు ఆకు తిని గూడు కట్టును. కట్టనారంభించిన పది పన్నెండు దినములకు లోపలి చిలుక గూటిని ఛేదించుకొని వెలువడును; అటుపై ఆ గూటినుండి పోగు తీయరాదు. కావున పచ్చిగూళ్లను ఆ లోపలనే అమ్మవలయును. రామనగరము వంటి దూరపు అంగడికి మోసికొనిపోయిన రైతు, ఆనాటి ధర యెట్లున్నను అమ్మియే రావలయును. ఇచ్చటను మదనపల్లె కథయే: సరకు నిలువదు, రైతు వేచియుండలేడు.

అమెరికా దేశపు చిన్న పట్టణములు

ఈ కష్టము మనకే వచ్చినది గాదు. టమోటా, చెనిక్కాయ రెండును అమెరికా ఖండమునుండి వచ్చిన పంటలు. అచ్చటినుండి మనుష్యులును వచ్చిరి. కనెక్టికట్ రాష్ట్రమునందలి షారన్ అను చిన్న యూర 1835లో పుట్టిన జేకబ్ చేంబర్లేన్‌గారు మదనపల్లెలో వైద్యము చేయుచు చిరకాలము గడపి, 1908లో ఇచ్చటనే మరణించిరి. ఆ దేశపు పల్లెపట్టణముల చరిత్రయు మనము తెలిసికొనదగినది.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశపు నడుమ మైదానములలో రైలుదారి వెంబడి చిన్న పట్టణములు పెక్కు పుట్టినవి. రైలుస్టేషను, దాని ప్రక్క ఎత్తైన ధాన్యపు గిడ్డంగి, ఒక అంగడివీథి, ఒక బడి, ప్రార్థనాలయములు, ఇంతియే ఊరు. రైతు గోధుమలను బండ్లపై తెచ్చి గిడ్డంగిలో పోయును. తూకము వేయువాడును, రకము నిర్ణయించువాడును, ధర చెప్పువాడును గిడ్డంగి యజమానుడే. రైతులు మొఱపెట్టి విసిగి, 1867లో పుట్టిన గ్రేంజి సంఘము మొదలగువానిలో చేరి, తామే గిడ్డంగులు కట్టుకొనసాగిరి. దక్షిణ కాలిఫోర్నియా నారింజతోటల రైతులు 1893లో కూడి అమ్మకపు సంఘము నేర్పఱచుకొనిరి. పండ్లను రకములుగా వేఱుచేయుట, ఒక్క ముద్రతో పెట్టెలు కట్టుట, ఏ నగరమునకు ఎన్ని పెట్టెలు పంపవలయునో ముందే నిర్ణయించుట వారి పద్ధతి. తరువాత సన్‌కిస్ట్ అని లోకప్రసిద్ధమైన పేరు వారిదే.

ఇందు మఱియొక సంగతియు దాచరాదు. ఇరువదవ శతాబ్దమున ట్రాక్టర్లు వచ్చి, చిన్న కమతములు పెద్దవానిలో కలసిపోగా, ఆ మైదానములలోని పెక్కు పట్టణములలో జనము తగ్గెను. పిల్లలు లేక బడులు మూతపడెను. బడి పోయిన పిదప కొట్లును పోయెను. పల్లెలోని కుటుంబము నిలువనిచో పట్టణము నిలువదు. అయినను రైతుల సొంత గిడ్డంగులు పలుచోట్ల నేటికిని నడచుచున్నవి.

మన దేశముననే గుజరాతునందలి ఆనంద్ అను చిన్న పట్టణమును చూడుడు. చుట్టుపల్లెల పాలరైతులు 1946లో కైరా జిల్లా సంఘముగా నేర్పడిరి. ఉదయము పిండిన పాలు సాయంకాలమునకు విరిగిపోవును. టమోటాకంటెను త్వరగా చెడు సరకు. అట్టి సరకుతోనే వారు ధరను తమ చేతిలోనికి తెచ్చుకొనిరి.

మనము చేయదగిన పని

మొదటిది, నాటు పట్టిక. ప్రతి గ్రామసంఘమును ఎవరు ఎప్పుడు ఎన్ని కుంటలు టమోటా నాటుచున్నారో వ్రాసియుంచవలయును. ఒక ఊర ఇరువదిమంది ఒకే వారమున నాటుటకు బదులు, పదునైదు దినముల యెడముతో నాలుగు వంతులుగా నాటినచో, ఒకే ధరకు అందఱును బలి కారు.

రెండవది, కాయను ఇంటివద్దనే వేఱుచేయుట. పండినది, దోరది, దెబ్బతగిలినది ఒకే పెట్టెలో పోసినచో, పెట్టెకంతకు దెబ్బకాయ ధరయే పలుకును. దూరపు లారీకి దోరకాయనే కోయవలయును. పలువురు కలసి బండి మాట్లాడుకొన్న బాడుగయు తగ్గును.

మూడవది, ఆబోతు. నాలుగైదు పల్లెలు కలసి ఒక మేలైన పుంగనూరు ఆబోతును సంఘముపేర నుంచవలయును. పుట్టిన పెయ్యలు తండ్రితోనే కూడకుండునట్లు, మూడేండ్లకొకసారి పొరుగు సంఘపు ఆబోతుతో మార్చుకొనవలయును. పుట్టిన దూడల లెక్క పుస్తకమున నుండవలయును. పెయ్యను అమ్మదలచినవాడు ముందుగా సంఘమునకు తెలుపుట మంచిది.

నాలుగవది, పట్టుగూళ్లను వేడిగాలితో ఆరబెట్టు యంత్రము. ఆరిన గూడు చిలుక వెలువడక నిలువయుండును. ఒక్కొక్కని తాహతుకు మించినను పదిమందికి భారము గాదు.

అయిదవది, అన్నింటికంటె ముఖ్యమైనది, లెక్క. సంఘము పుట్టుట సులభము, నిలుచుట కష్టము. ఒకప్పుడు పేరుపొందిన చిత్తూరు సహకార పాలకేంద్రము 2002లో మూతపడెను. అటుపై పాలు పోయుటకు రైతులు పరుల వాకిళ్లకు పోవలసివచ్చెను. కావున ప్రతి నెలయు జమాఖర్చులు సభలో చదువవలయును. చదువురాని సభ్యుడు అడిగిన ప్రశ్నకు చదివినవాడు ఓర్పుతో బదులు చెప్పవలయును. సభకు రాక, ఇంట కూర్చుండి సంఘమును నిందించుట రైతునకు తగదు.

ఈ యైదు పనులలో ఏదియును గొప్ప మూలధనమును కోరునది గాదు; పుస్తకము, తూనిక, మాట నిలుకడ యుండిన చాలును. మన పట్టణములు చెరువులవలె నిండుచునే యున్నవి. తూము కట్టుకొనుట మన చేతిలోని పని. వచ్చు పంటకాలమునకు నారు పోయకముందే, ప్రతి గ్రామసంఘమును ఒకనాడు కూడి నాటు పట్టికను వ్రాయ నారంభింపవలయునని మా ప్రార్థన.