బాల ఫుట్‌బాల్‌ క్రీడాకారుల దుస్తులు, రక్షణ సామగ్రి: పాటించవలసిన నిబంధనలు

ఫుట్‌బాల్‌ ఆడేందుకు ఒక బంతి, కొంత ఖాళీ స్థలం ఉంటే చాలునన్న భావన సర్వత్రా ఉంది. వినోదం కోసం ఆడే ఆటకు ఇది సరిపోవచ్చునేమో గాని, పోటీలకు సరిపోదు. ప్రతి క్రీడాకారుడు, క్రీడాకారిణి విధిగా ధరించవలసిన దుస్తులను, రక్షణ సామగ్రిని ఆట నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. ఇవి తెలియని కారణంగా, పాఠశాల పోటీలకు తొలిసారి వచ్చిన బాలబాలికలు మైదానం అంచునే నిలిచిపోవలసి రావచ్చు. అంతకన్నా ముఖ్యంగా, నివారించగల గాయాలకు గురి కావచ్చు.

ప్రపంచవ్యాప్తంగా ఫుట్‌బాల్‌ నిబంధనలను 1886లో ఏర్పడిన అంతర్జాతీయ ఫుట్‌బాల్‌ అసోసియేషన్‌ బోర్డు రూపొందిస్తున్నది. మొత్తం 17 నిబంధనలలో నాలుగవది క్రీడాకారుల సామగ్రికి సంబంధించినది. దీని ప్రకారం తప్పనిసరి అయినవి ఐదే. అవి చేతులున్న చొక్కా, నిక్కరు, మేజోళ్ళు, షిన్‌గార్డులు, పాదరక్షలు. వయస్సుతో నిమిత్తం లేకుండా ఈ ఐదూ అందరికీ వర్తిస్తాయి.

షిన్‌గార్డులు

వీటిలో శరీర రక్షణకు నేరుగా ఉద్దేశించినవి షిన్‌గార్డులు. మోకాలి దిగువన కాలి ముందుభాగపు ఎముకకు కండరాల కవచం లేదు. చర్మం కిందనే ఎముక ఉన్నందున అక్కడ తగిలే దెబ్బ నేరుగా ఎముకను తాకుతుంది. షిన్‌గార్డు పైభాగంలోని గట్టి పలక దెబ్బ తీవ్రతను ఒకేచోట పడనీయకుండా విస్తరింపజేస్తుంది. లోపలి మెత్తని పొర కొంత అదురును గ్రహిస్తుంది. తగిన రక్షణ ఇవ్వగల పదార్థంతో ఇవి తయారై ఉండాలని, మేజోళ్ళు వీటిని పూర్తిగా కప్పి ఉంచాలని నిబంధన చెబుతున్నది.

షిన్‌గార్డుల పరిమాణానికి, అవి తగినవిగా ఉండటానికి క్రీడాకారుడే బాధ్యుడని 2024-25 నిబంధనలలో స్పష్టం చేశారు. అయితే ఎదిగే పిల్లల విషయంలో ఈ బాధ్యతను ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు పంచుకోవలసి ఉంటుంది. నిరుడు సరిపోయిన షిన్‌గార్డు ఈ ఏడు పొట్టి కావచ్చు. మోకాలి చిప్ప దిగువ నుంచి చీలమండ పైవరకు ఎముకను కప్పుతున్నదీ లేనిదీ ప్రతి క్రీడా సంవత్సరం ప్రారంభంలో పరిశీలించడం అవసరం.

పాదరక్షలు

ఖరీదైన బూట్లు లేనిదే పోటీలకు అర్హత లేదన్న అపోహ కొందరిలో ఉంది. నిబంధన పాదరక్షలు ఉండాలని మాత్రమే చెబుతున్నది. ధరను గాని, తయారీ సంస్థను గాని, అడుగున మేకులను గాని నిర్దేశించడం లేదు. పాదానికి సరిపోయి, ఇతరులకు హాని కలిగించని బూట్లు చాలు. మేకులున్న బూట్లయితే అరిగి పదునెక్కినవి, పగిలినవి వాడరాదు.

పాదరక్షల ఆవశ్యకతను భారత జట్టు అనుభవపూర్వకంగా గ్రహించింది. 1948 లండన్‌ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌పై మన క్రీడాకారులలో అత్యధికులు బూట్లు లేకుండానే ఆడి 1-2 తేడాతో ఓడిపోయారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో చలిలో, పలువురు వట్టి కాళ్ళతో ఆడిన మ్యాచ్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో పరాజయం ఎదురైంది. అటుపిమ్మట అఖిల భారత ఫుట్‌బాల్‌ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్‌ అబ్దుల్‌ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం సాధించింది.

ఆభరణాలు

హారాలు, ఉంగరాలు, కంకణాలు, చెవి కమ్మలు సహా అన్ని ఆభరణాలు నిషిద్ధం. తోలు, రబ్బరు పట్టీలు కూడా ఇందులో చేరుతాయి. మన ప్రాంతంలో గాజులు, ముక్కుపుడకలు, కాళ్ళ పట్టీలు ఈ కోవలోనివే. ఆభరణాన్ని తీయకుండా దానిపై టేపు అంటించడం ఆనవాయితీగా ఉన్నప్పటికీ నిబంధన అందుకు అంగీకరించదు. పోటీ రోజున మైదానంలో వీటిని తీయించడం కష్టం కనుక, ఇంటి వద్దనే తీసివేసి రావలసిందిగా ముందు రోజే పిల్లలకు చెప్పడం మేలు.

రంగులు, ఇతర అనుమతులు

రెండు జట్ల దుస్తుల రంగులు ఒకదానికొకటి, అధికారుల దుస్తులకు భిన్నంగా ఉండాలి. గోల్‌కీపర్‌ దుస్తులు ఇతర క్రీడాకారులందరి నుంచీ ప్రత్యేకంగా కనిపించాలి. గోల్‌కీపర్లు పొడవాటి ట్రాక్‌సూట్‌ ప్యాంటు ధరించవచ్చు. ఇద్దరు గోల్‌కీపర్ల చొక్కాలు ఒకే రంగువై, మార్చుకొనేందుకు వేరే చొక్కా లేకపోతే రిఫరీ ఆటను అనుమతిస్తారు.

మెత్తని పదార్థంతో చేసిన తేలికైన శిరస్త్రాణం, ముఖ కవచం, మోకాలి, మోచేతి రక్షణలు హానికరం కానంతవరకు ధరించవచ్చు. దృష్టిలోపం ఉన్నవారు క్రీడల కోసం తయారైన కళ్ళద్దాలు వాడవచ్చు. తలపై ధరించే వస్త్రాన్ని 2014 నుంచి స్త్రీ పురుషులిరువురికీ అనుమతించారు. అది నల్లగా గాని, చొక్కా ప్రధాన రంగులో గాని ఉండాలి. చొక్కాకు జోడించి ఉండరాదు. ధరించిన వారికి గాని, ఇతరులకు గాని ప్రమాదకరం కారాదు. హిజాబ్‌ ధరించే బాలికలు, తలపాగా ధరించే సిక్కు బాలురు మతాచారాన్ని వీడకుండానే పోటీలలో పాల్గొనేందుకు ఈ నిర్ణయం అవకాశం కల్పించింది.

ఉల్లంఘన జరిగితే

సామగ్రి సక్రమంగా లేదని ఆట మధ్యలో గుర్తిస్తే, అందుకోసం ఆటను ఆపవలసిన అవసరం లేదు. సరిచేసుకొనేందుకు క్రీడాకారుడిని బయటకు వెళ్ళవలసిందిగా రిఫరీ ఆదేశిస్తారు. అధికారి పరిశీలించిన పిమ్మట, రిఫరీ అనుమతితోనే తిరిగి ప్రవేశించాలి. అనుమతి లేకుండా ప్రవేశిస్తే పసుపు కార్డు చూపుతారు. బూటు లేదా షిన్‌గార్డు ప్రమాదవశాత్తు ఊడిపోతే, బంతి తదుపరి మైదానం వెలుపలికి పోయేలోగా దానిని తిరిగి ధరించాలి. ఈలోగా ఆ క్రీడాకారుడు గోల్‌ చేస్తే అది చెల్లుతుంది.

మ్యాచ్‌కు ముందు జరిగే తనిఖీని లాంఛనంగా భావించరాదు. పిల్లలు తమకు రాగల ప్రమాదాన్ని ఊహించలేరు. షిన్‌గార్డులు లేని విద్యార్థిని తోటివారి ఒత్తిడికి లోనై ఆడనివ్వడం ఔదార్యం కాదు. మ్యాచ్‌ రోజున పిల్లవాడిని వెనక్కు పంపవలసిన అగత్యం రాకుండా, జట్టు ఎంపిక జరిగిన నాడే వ్యాయామ ఉపాధ్యాయులు ఈ ఐదు వస్తువులను సరిచూసుకొని, లేనివాటిని సమకూర్చేందుకు చర్యలు తీసుకోవడం ఉత్తమం.