రద్దీ సుంకమును, అంగళ్ల బేరమును

సంతలో ఆశీలు చెల్లించుట మన రైతులకు క్రొత్త కాదు. అది తెచ్చిన సరుకునకో, కూర్చున్న చోటునకో కట్టెడి రుసుము. లండను నగర మధ్యమున 2003 సం. ఫిబ్రవరి 17 వ తేదీ మొదలుగా వసూలగుచున్న రద్దీ సుంకము వేఱు జాతిది. బండి నిండుగ నున్నను, ఖాళీగ నున్నను, ఆ హద్దులోపల తిరిగినందులకే దినమున కింతయని చెల్లింపవలెను. గేటు లేదు, కావలివాడు లేడు; బండి నంబరును కెమెరాలు గ్రహించును. ఆరంభమున 5 పౌనులుగా నున్న సుంకము 2020 నాటికి 15 పౌనులైనది.

సుంకము రాగానే అంగళ్లవారు గగ్గోలు పెట్టిరి. ఆక్సుఫర్డు వీధిలోని యొక గొప్ప దుకాణము తన అమ్మకములు తగ్గినవని లెక్కలు చూపెను. ఆ లెక్కలు అబద్ధములని మేమనము. కాని సుంకమునకు మూడు వారములముందు, జనవరి 25 న, ఆ వీధి క్రిందుగా పోవు భూగర్భ మార్గమున నొక రైలు పట్టాలు తప్పగా, వసంతము వచ్చువఱకు ఆ మార్గము మూతపడియుండెను. అచ్చట కొనువారిలో పెక్కుమంది రైళ్లమీదను, బస్సులమీదను, కాలినడకను వచ్చువారేగాని మోటారులపై వచ్చువారు కారు. తరువాత నగర మధ్యమునందలి చిల్లర వర్తకము నంతను పరిశీలించినవారికి ఆ యొక్క దుకాణమున కనబడిన నష్టము అంతటను కనబడలేదు.

సుంకము నిజముగా తగులునది సరుకు మోయు బండికి. దినమున కొకసారి కట్టిన నెన్నిమాఱులైనను రావచ్చును, పోవచ్చును. కావున ఆ తొలినాటి 5 పౌనులు, ఇరువది యంగళ్లకు సరుకు దించు బండికి అంగడి కొక్కింటికి కాలు పౌను. ఒక్క యంగడికై వచ్చు బండికి భారమంతయు దానిదే. పలువురి బస్తాలు కలిపి ఒకే లారీకెత్తు మన సభ్యులకు ఈ లెక్క విప్పిచెప్పనక్కఱలేదు.

వేళయు నొక సంగతియే. స్మిత్‌ఫీల్డు మాంసపు బజారులో బేరము చాలవఱకు తెల్లవాఱకముందే ముగియును. సుంకము ఉదయము 7 గంటలకు మొదలు. అంతకుమున్ను సరుకెత్తుకొని హద్దు దాటిన కసాయికి ఖర్చు లేదు. ఆలస్యమైనవాడు కట్టక తప్పదు. ఇట్టి చిన్న వర్తకుల మొఱ ఉపేక్షింపదగినది కాదని మా యభిప్రాయము.

2007 లో ఈ హద్దును పడమటి పేటలకు విస్తరింపగా అచ్చటి నివాసులును, వర్తకులును ఎదిరించిరి. 2010 డిసెంబరులో ఆ భాగమున సుంకము నెత్తివేసిరి. నడుమ నగరమున మాత్రము వసూలు ఆగలేదు.