పేటెంటు ఇరవై ఏళ్లు సరే, ఏ రోజు నుంచి లెక్క?



ఈ మధ్య గ్రూపులో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. కొమ్మలు తరిగే మిషనో, షెడ్డులో చల్లే మందో కొనబోతే అమ్మేవాళ్లు "దీనికి పేటెంటు ఉంది, ఇరవై ఏళ్లు ఇంకెవరూ చెయ్యకూడదు" అంటున్నారు. ఊళ్లో వెల్డింగ్ షాపులో అలాంటి మిషనే తక్కువలో చేయించుకుందామంటే షాపతను భయపడుతున్నాడు. ఆ ఇరవై ఏళ్లు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు తీరతాయి అంటే మాత్రం జవాబు లేదు. తేదీ తెలియకపోతే రెండు పక్కలా నష్టమే. బతికున్న పేటెంటును కాపీ చేస్తే కోర్టు ఖర్చు. తీరిపోయిన పేటెంటుకి భయపడితే చేతి డబ్బు దండగ. అందుకే ఈసారి ఆ లెక్క రాస్తున్నాం.

1. అసలు పేటెంటే రానివి

మన దేశంలో 1970 పేటెంట్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం సాగు పద్ధతికి పేటెంటు లేదు. మొక్కలకి, విత్తనాలకి, జంతువులకి, వాటి రకాలకి లేదు. జీవాలకి రోగం రాకుండా చేసే చికిత్స పద్ధతికీ లేదు. అంటే తోటకి ఎడం ఎంత పెట్టాలి, చాకీ ఎలా సాకాలి, ఆకు ఎన్నిసార్లు వెయ్యాలి అనేవాటి మీద ఎవరూ పేటెంటు చెప్పలేరు. కొత్త మొక్క రకాలకి 2001 నాటి వేరే చట్టం ఉంది. అందులో చెట్లకి, తీగలకి 18 ఏళ్లు, మిగతా పంటలకి 15 ఏళ్ల రక్షణ. దాన్ని పేటెంటుతో కలపకండి. మనకి పేటెంటు ఎదురయ్యేది ముఖ్యంగా మిషన్లలో, పరికరాల్లో, మందుల మిశ్రమాల్లో.

2. లెక్క మొదలయ్యే రోజు

పేటెంటు గడువు దరఖాస్తు వేసిన రోజు నుంచి 20 ఏళ్లు. మంజూరైన రోజు నుంచి కాదు. సరుకు మార్కెట్‌కి వచ్చిన రోజు నుంచీ కాదు. మనం పంట రోజులు చాకీ కట్టిన రోజు నుంచి లెక్కపెడతాం కానీ గూళ్లు మార్కెట్‌లో వేసిన రోజు నుంచి కాదు కదా, అలాగే. మంజూరుకి ఏళ్లు పట్టినా ఆ ఏళ్లు ఇరవైలోనే పోతాయి. 2003 మే 20 నుంచి అన్నిటికీ ఇదే లెక్క. అంతకుముందు మామూలు పేటెంటుకి 14 ఏళ్లే.

కొందరు ముందు తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లోపు పూర్తి దరఖాస్తు వేస్తారు. మన దేశంలో అప్పుడూ మొదటి తేదీయే లెక్క. ఉదాహరణకి ఒక మిషనుకి 2008 మార్చి 10న తాత్కాలికం, 2009 మార్చి 5న పూర్తి దరఖాస్తు వేసి, 2014లో పేటెంటు వచ్చిందనుకోండి. గడువు 2028 మార్చి 10తో సరి. 2034 దాకా ఉందని ఎవరైనా చెబితే అది తప్పు లెక్క.

3. పేటెంటుకీ కుటుంబం ఉంటుంది

ఒకే కొత్త వస్తువుకి చాలా దేశాల్లో దరఖాస్తులు వేస్తారు. ఒకే మొదటి దరఖాస్తు నుంచి పుట్టినవాటన్నిటినీ కలిపి పేటెంటు కుటుంబం అంటారు. మొదటి దేశంలో వేసిన 12 నెలల్లోపు మిగతాచోట్ల వేస్తే, కొత్తదా పాతదా అని చూసేటప్పుడు ఆ మొదటి తేదీనే తీసుకుంటారు. దాన్ని ప్రయారిటీ తేదీ అంటారు. కానీ ఇరవై ఏళ్లు ఆ తేదీ నుంచి లెక్కపెట్టరు. చాలామంది తప్పేది ఇక్కడే.

ఇంకో ఉదాహరణ. ఒక జపాన్ కంపెనీ తన దేశంలో 2006 జూన్ 12న దరఖాస్తు వేసింది. 2007 జూన్ 11న అంతర్జాతీయ దరఖాస్తు వేసింది. ప్రయారిటీ తేదీ నుంచి 31 నెలల్లోపు ఇండియాలోకి రావాలి కాబట్టి 2008 డిసెంబరులో ఇక్కడ కాగితాలు ఇచ్చింది. 2015లో మంజూరైంది. నాలుగు తేదీల్లో మనకి లెక్క 2007 జూన్ 11. ఇక్కడ గడువు 2027 జూన్ 11 దాకా.

నిజంగా జరిగింది ఒకటి చెబుతాం. బీటీ పత్తి మీద మోన్‌శాంటోకీ హైదరాబాదు కంపెనీ నూజివీడు సీడ్స్‌కీ నడిచిన కేసు పేపర్లలో చూసే ఉంటారు. ఆ పేటెంటుకి అంతర్జాతీయ దరఖాస్తు 1999 నవంబరుది. మంజూరైంది 2008లో. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేసుని మళ్లీ కింది జడ్జి దగ్గరికి పంపింది. అదే ఏడు నవంబరుతో పేటెంటు గడువే తీరిపోయింది. మంజూరయ్యాక మిగిలింది పదకొండేళ్ల పైచిలుకే.

కుటుంబంలో ఇంకో రెండు రకాల పిల్లలున్నాయి. ఒక దరఖాస్తును విడగొట్టి వేసిన దానికి తల్లి తేదీయే వర్తిస్తుంది, తల్లితోపాటే తీరుతుంది. పాతదానికి చిన్న మార్పు చేసి తీసుకునే అదనపు పేటెంటు కూడా అసలు పేటెంటుతోనే ముగుస్తుంది. కానీ మార్పు మీద విడిగా కొత్త దరఖాస్తు వేస్తే దాని ఇరవై ఏళ్లు దానివే. అందుకే ఒకే మిషను లోపల బ్లేడుకి ఒక తేదీ, మోటారు అమరికకి ఒక తేదీ ఉండొచ్చు. పాత మోడల్‌ది తీరితే పాత మోడల్ చేసుకోవచ్చు, కొత్త మార్పును తాకకూడదు.

4. దేశం దేశానికీ వేరే

పేటెంటు ఏ దేశంలో తీసుకుంటే అక్కడే చెల్లుతుంది. చైనాలోనో అమెరికాలోనో పేటెంటు ఉండి ఇండియాలో లేకపోతే ఇక్కడ చేసుకోవచ్చు. అమెరికాలో ఆఫీసు ఆలస్యానికి గడువు పెంచుతారు, మందులకి ఐదేళ్ల దాకా అదనంగా ఇస్తారు. మన దేశంలో అలాంటి పొడిగింపు లేదు. కాబట్టి కుటుంబంలో ఒకరి తేదీ చూసి ఇంకొకరి తేదీ చెప్పకూడదు.

5. ఇరవై ఏళ్లకి ముందే పోవచ్చు

మూడో ఏడు నుంచి ఏటా ఫీజు కట్టాలి. కట్టకపోతే ఆరు నెలల గడువు, ఆ తర్వాత పేటెంటు పోతుంది. అయితే పోయిన 18 నెలల్లోపు మళ్లీ బతికించమని అడిగే హక్కు యజమానికి ఉంది. ఈ మధ్యే పోయిన పేటెంటు చూసి వెంటనే పెట్టుబడి పెట్టకండి.

"పేటెంట్ పెండింగ్" అని రాసి ఉంటే, మంజూరయ్యే దాకా కేసు వెయ్యలేరు. కానీ మంజూరయ్యాక, దరఖాస్తు ప్రచురించిన రోజు నుంచి నష్టపరిహారం అడగొచ్చు. ఇది గుర్తుంచుకోండి. లేని పేటెంటు ఉందని చెప్పి అమ్మితే పది లక్షల దాకా జరిమానా ఉంది.

6. ఎలా చూసుకోవాలి

అమ్మేవాళ్లని పేటెంటు నంబరు అడగండి, మాట కాదు. ఆ నంబరు ఇండియా పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. దరఖాస్తు తేదీ, మంజూరు తేదీ, చివరిగా ఫీజు కట్టింది ఎప్పుడు, ఈ మూడూ రాసుకోండి. కర్ణాటక, తమిళనాడు, యానాం వాళ్లకి చెన్నై ఆఫీసు, ఒడిశా వాళ్లకి కోల్‌కతా, మహారాష్ట్ర వాళ్లకి ముంబై.

గడువు తీరినా ఆ కంపెనీ పేరు, బొమ్మ వాడకూడదు. ట్రేడ్‌మార్క్ పదేళ్లకోసారి రెన్యూవల్ చేస్తూ ఎన్నాళ్లయినా నిలుపుకోవచ్చు. ఎక్కువ డబ్బు పెట్టి చేయించేటప్పుడు ఒకసారి పేటెంట్ ఏజెంటుకి కాగితాలు చూపించండి.

చివరగా ఒక మాట. మనలో సొంతంగా తట్టలో, చంద్రికలో, మిషన్లో కొత్తది చేసినవాళ్లు ఉన్నారు. మేళాలో చూపించాక, వీడియో పెట్టాక దరఖాస్తు వేస్తే కొత్తదనం పోయిందంటారు. ముందు తాత్కాలిక దరఖాస్తు వెయ్యండి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకి దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. తర్వాత చూపించండి.

మీ దగ్గర పేటెంటు నంబరున్న మిషను ఏదైనా ఉంటే ఆ నంబరు ఫోటో గ్రూపులో పెట్టండి. తేదీలు కలిసి చూద్దాం.