కృతజ్ఞత - నిత్యజీవితంలో ఆనందం

'కృతము' అంటే చేసిన పని. 'జ్ఞత' అంటే తెలిసి ఉండటం. ఇతరులు తనకు చేసిన మేలును ఎరిగి ఉండటమే కృతజ్ఞత. ఆ మేలును మరచినవాడు కృతఘ్నుడు. 'ఏరు దాటి తెప్ప తగలేసినట్లు' అనే సామెత అటువంటివానిని గురించి పుట్టినదే. 'ధన్యవాదాలు' అని పలకడం మర్యాద. ఆ మాట వెనుక మేలు చేసినవారి శ్రమను గుర్తించే ఎరుక ఉన్నప్పుడే అది కృతజ్ఞత అవుతుంది.

అయితే ఈ ఎరుక మనసులో సులభంగా నిలవదు. కొత్తగా లభించిన వస్తువు కొంతకాలం సంతోషాన్నిస్తుంది. క్రమంగా మనసు దానికి అలవాటుపడుతుంది. లేనిది మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. కరెంటు పోయిన రాత్రి గాని ఫ్యాను విలువ తెలియదు. పంటినొప్పి వస్తే గాని నొప్పిలేని రోజు ఎంత హాయో గుర్తుకు రాదు. తెల్లవారుజామున లేచి క్యారేజీ సర్దే తల్లి, వేళకు కళాశాలకు చేర్చే బస్సు డ్రైవరు, అర్థం కాని లెక్కను మరొకసారి వివరించే మిత్రుడు - వీరందరూ విద్యార్థికి పెరటి చెట్ల వంటివారే. పరీక్షలో తగ్గిన నాలుగు మార్కులు బాధించినంతగా వీరి ఆదరణ సంతోషపెట్టదు.

మరపు మానవ సహజమని గ్రహించిన పెద్దలు కృతజ్ఞతను పండుగలలో చేర్చారు. సంక్రాంతి మరునాడు కనుమ. ఆ రోజున రైతు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి పూజిస్తాడు. దసరా నాడు పనివారు తమ పనిముట్లకు పూజ చేస్తారు.

గోదావరి డెల్టా ప్రజలు సర్ ఆర్థర్ కాటన్ పట్ల చూపే గౌరవం కూడా ఇటువంటిదే. కరవులతోను, వరదలతోను అల్లాడిన ఆ ప్రాంతంలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసింది. కాలువల నీటితో పొలాలు పచ్చబడ్డాయి. నేటికీ మే 15న కాటన్ జయంతి నాడు ప్రజలు ఆయన విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. ఆ నిర్మాణంలో ఆయనకు తోడుగా నిలిచిన వీణం వీరన్ననూ, రాళ్లు మోసిన వేలాది కూలీలనూ తలచుకున్నప్పుడే ఆ కృతజ్ఞత సంపూర్ణమవుతుంది. ఈ విషయం తెలిసినవానికి కాలువలో పారే నీరు సామాన్యంగా కనిపించదు.

ఆధునిక మనస్తత్వ శాస్త్రం కూడా ఈ విషయాన్ని పరిశీలించింది. అమెరికాకు చెందిన రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో తమ పరిశోధన ఫలితాలను 2003లో ప్రకటించారు. అందులో కొందరు విద్యార్థులు వారానికొకసారి తమకు కలిగిన మేళ్లను రాసుకున్నారు. మరికొందరు తమకు ఎదురైన చికాకులను రాసుకున్నారు. సుమారు పది వారాల తరువాత చూడగా, చికాకులు రాసినవారికంటే మేళ్లు రాసినవారు జీవితం పట్ల ఎక్కువ సంతృప్తిని వ్యక్తం చేశారు.

కృతజ్ఞత పేరుతో అన్యాయాన్ని సహించనక్కరలేదు. చేసిన పనికి దక్కవలసిన కూలి ఉపకారం కాదు, హక్కు. దుఃఖంలో ఉన్నవానితో 'నీకు ఇంతైనా ఉంది, సంతోషించు' అనడం అతని బాధను చులకన చేయడమే. లోపాన్ని లోపంగానే చూస్తూ, అందిన మేలును కూడా చూడగలగడం వివేకం.

ఈ వివేకం అలవాటు వల్ల అబ్బుతుంది. రాత్రి నిద్రకు ముందు ఆనాడు ఎవరు, ఏ మేలు చేశారో రెండు మూడు వాక్యాలు రాసుకుంటే చాలు. మరునాడు వారిలో ఒకరికి ఆ మాట స్వయంగా చెబితే మరీ మంచిది. క్యారేజీ సర్దిన చేతులకు ఆ ఒక్క మాట పెద్ద బహుమతి. ఆ మాట చెప్పిన విద్యార్థికి నిన్నటి ఇల్లే, నిన్నటి దారే కొత్తగా కనిపిస్తాయి.