41 మార్కులు, కోటి కాపీలు

కెనడా రాక్ బ్యాండ్ నికెల్‌బ్యాక్ 2005 అక్టోబరు 4న 'ఆల్ ది రైట్ రీజన్స్' ఆల్బమ్ విడుదల చేసింది. బ్యాండ్ పుట్టింది ఆల్బర్టాలోని హ్యానా అనే చిన్న ఊళ్లో. ఆల్బమ్ తయారైంది మాత్రం మన సర్రీకి తూర్పున, కారులో గంటలోపే చేరుకునే ఆబట్స్‌ఫర్డ్‌లో. విమర్శకులు పెదవి విరిచారు. జనం మాత్రం మొదటి వారమే కెనడాలోనూ అమెరికాలోనూ దాన్ని మొదటి స్థానంలో కూర్చోబెట్టారు. 2017లో అమెరికాలో కోటి కాపీల డైమండ్ గుర్తింపూ దక్కింది. ఇంతకీ ఎవరి లెక్క సరైనది?

ముందు మార్కుల సంగతి. మెటాక్రిటిక్ అనే సంస్థ పత్రికల్లో వచ్చిన సమీక్షలను పోగుచేసి, వందకు ఇన్ని అని సగటు కడుతుంది. ఐదు నక్షత్రాలకు రెండు ఇచ్చారంటే 40 కింద లెక్క. పేరున్న పత్రికల మాటకు బరువెక్కువ. ఈ ఆల్బమ్‌కు వచ్చినవి 41. ఆ సంస్థ కొలమానంలో 40 నుంచి 60 దాకా 'మిశ్రమ స్పందన'. కాబట్టి అందరూ ఏకగ్రీవంగా తిట్టారనడం తప్పు, బొటాబొటిగా గట్టెక్కిందనడం ఒప్పు.

కోటి కాపీలంటే కోటి మంది కొన్నట్టేనా? అలా అనుకోనక్కర్లేదు. గోల్డ్, ప్లాటినం, డైమండ్ అనేవి రికార్డింగ్ కంపెనీల సంఘం ఇచ్చే గుర్తింపులు. కంపెనీ దరఖాస్తు చేసుకుంటేనే ఇస్తారు. అమెరికాలో 5 లక్షలకు గోల్డ్, 10 లక్షలకు ప్లాటినం, కోటికి డైమండ్. 2016 నుంచి ఆల్బమ్ లెక్కలో స్ట్రీమ్‌లు, అంటే నెట్‌లో విన్న పాటలు కూడా కలుస్తున్నాయి. 1,500 స్ట్రీమ్‌లు ఒక కాపీతో సమానం. ఈ ఆల్బమ్‌లో 11 పాటలున్నాయి కనుక మొత్తం ఆల్బమ్‌ను సుమారు 136 సార్లు వింటే ఒక కాపీ. వారానికోసారి వినేవారికి రెండున్నరేళ్లు దాటుతుంది.

కెనడాలో హద్దులు వేరు. 2008 మే నుంచి విడుదలైన ఆల్బమ్‌లకు ప్లాటినం 80 వేలు, డైమండ్ 8 లక్షలు. దీన్ని సర్రీకి కుదించి చూద్దాం. 2021 జనగణనలో దేశ జనాభా సుమారు 3.7 కోట్లు, సర్రీ జనాభా 5.68 లక్షలు. అంటే వందలో ఒకటిన్నర వంతు. ప్లాటినం ఆల్బమ్‌లో మన వాటా దాదాపు 1,230 కాపీలు. ఊళ్లో ఉన్న ఇళ్లు సుమారు 1.85 లక్షలు కాబట్టి 150 ఇళ్లకు ఒకటి. డైమండ్ అయితే 15 ఇళ్లకు ఒకటి.

అమెరికా ప్లాటినమే గొప్పదా? అక్కడి 33 కోట్ల జనాభాలో 10 లక్షలంటే 330 మందికి ఒక కాపీ. ఇక్కడ 460 మందికి ఒకటి చాలు. తేడా ఉంది కానీ, 80 వేలు, 10 లక్షలు అన్న అంకెలు పక్కపక్కన చూసినప్పుడు అనిపించేంత లేదు.

సొంత దేశపు బ్యాండని రేడియోలు నెత్తిన పెట్టుకున్నాయా? కెనడా పాటలకు రేడియోలో వాటా ఇవ్వాలన్న నియమం 1971లో 30 శాతంతో మొదలై, 1999లో 35 శాతమైంది. ఇక్కడి ఆదరణలో దానికి కొంత పాత్ర ఉండవచ్చు. అమెరికా రేడియోలకు ఆ నియమం లేదు. అయినా ఈ ఆల్బమ్ నుంచి ఐదు పాటలు అక్కడి బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మొదటి ఇరవైలోకి చేరాయి. వాటిలో 'రాక్‌స్టార్' పైకి ఎక్కింది 2007లో.

చిక్కుముడి వీడేది ఇక్కడే. సమీక్షకులు విడుదల రోజుల్లో, కొత్తదనం ఎంత, పనితనం ఎంత అని చూసి మార్కులు వేశారు. కోటి అన్నది పన్నెండేళ్లపాటు కొన్నవాళ్లు, మళ్లీ మళ్లీ విన్నవాళ్లు కలిసి నింపిన లెక్క. 41 చూసి ఆ పాటలు జనానికి నచ్చలేదనీ, కోటి చూసి విమర్శకులు పొరబడ్డారనీ తేల్చలేం. ఈసారి ఏ ఆల్బమ్ గురించైనా పెద్ద అంకె కనిపిస్తే, అది ఏ దేశపు లెక్కో, ఎన్నేళ్లదో, స్ట్రీమ్‌లు కలిపిందో లేదో చూసుకోండి.