పెట్టెలో లేని విమానం

జంషెడ్‌పూర్ నగరంలో గోల్‌మురి పేరు చెప్పగానే తగరపు పూత రేకు గుర్తుకు వస్తుంది. బర్మా ఆయిల్ కంపెనీ, టాటా సంస్థ కలిసి 1920లో స్థాపించిన టిన్‌ప్లేట్ కంపెనీ 1922 నుండి ఇక్కడ ఆ రేకును తయారు చేయసాగింది. ఒకనాడు ప్రతి ఇంటా కిరసనాయిలు తెచ్చి, తరువాత నీళ్లు మోసి, బియ్యం దాచి, చివరకు పొయ్యిగా మారిన డబ్బాకు ఈ పేట పుట్టినిల్లు వంటిది. ఆ కంపెనీ 2024లో టాటా స్టీలులో విలీనమైంది. ఇంట్లో వాడుకునే కత్తెరకే లొంగేటంత పలుచని ఈ రేకుకు ఎవరూ ఊహించని వినియోగం ఒకటి ఉన్నది. దాని ముక్క ఒకటి జెట్ యుద్ధవిమానపు చక్రాల తలుపు కాగలదు. అయితే ఆ విమానం అరచేతిలో ఇమిడే విమానం.

ప్లాస్టిక్ భాగాలను పెట్టెలో నుండి తీసి, అతికించి, రంగులు వేసి విమానాల నమూనాలు తయారు చేయడం అనేక దేశాలలో పిల్లలకూ పెద్దలకూ ఇష్టమైన వ్యాపకం. వీటిలో బహుళ ప్రచారం పొందిన కొలత డెబ్బది రెండింట ఒకటవ వంతు. అనగా ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం ఎత్తున నిలబడతాడు. పెట్టెలో ఉన్నదానిని ఉన్నట్లే అతికిస్తే పెట్టె మీది బొమ్మలోని విమానం తయారవుతుంది. మనకు కావలసినది దానిలో లేకపోతే? దానికి సోదరి వంటి మరొక విమానపు కిట్ తెచ్చి, కోసి, కుదించి, పూడ్చి, మనకు కావలసిన రూపానికి తెచ్చుకోవాలి. ఈ పనిని కన్వర్షన్ అంటారు. పాశ్చాత్య దేశాలలో ఇది తీరిక ఉన్నవారి విలాసం. మన దేశంలో మాత్రం చిరకాలం అవసరంగానే ఉండిపోయింది. ఎందుకో చెప్పడానికి నాట్ విమానం కంటె మంచి ఉదాహరణ లేదు.

యుద్ధవిమానాలు ఏటేటా బరువెక్కి, ఖరీదెక్కిపోతున్న 1950లలో పెటర్ అనే బ్రిటిష్ రూపశిల్పి ఎదురు దారి పట్టాడు. కాన్‌బెరా బాంబరును రూపొందించినవాడే ఈయన. 1955 జులై 18న గాలిలోకి లేచిన ఆయన నాట్ యుద్ధవిమానం పొడవు 8.74 మీటర్లు. ఒక రెక్క కొన నుండి రెండవ రెక్క కొనకు 6.73 మీటర్లు. నాటి జెట్ విమానాల నడుమ అది గద్దల మధ్య పిచ్చుక. బ్రిటిష్ వైమానిక దళం ఈ ఒంటిసీటు యుద్ధవిమానాన్ని స్వీకరించలేదు. ఫిన్లాండు కొన్నింటిని, యుగోస్లావియా రెండింటిని కొన్నాయి. భారతదేశం 1956లో ఒప్పందం చేసుకుని, బెంగుళూరులో స్వయంగా నిర్మించుకున్నది. కొన్నవీ, కట్టుకున్నవీ కలిపి రెండు వందలకు పైచిలుకు నాట్‌లు మన వైమానిక దళంలో చేరాయి.

బ్రిటిష్ వారు కోరుకున్నది దీని చెల్లెలిని. రెండు సీట్లు, పెద్ద రెక్కలు, పొడవైన మొండెం కలిగిన శిక్షణ విమానం 1959 ఆగస్టు 31న ఎగిరింది. 1965 నుండి 1979 వరకు రెడ్ యారోస్ విన్యాస బృందం ఎర్రరంగు పూసుకుని ఎగిరినది ఈ విమానాలలోనే. లండన్‌లోని పిల్లవాడు ఆకాశంలో చూసిన నాట్ ఇదే కనుక, ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1964లో అచ్చు పోసిన నాట్ కూడ ఇదే అయింది. కిట్ల వ్యాపారంలో చరిత్రకు ఉన్న విలువ తక్కువ, కొనేవాని జ్ఞాపకానికి ఉన్న విలువ ఎక్కువ. ఇందులో తప్పుపట్టవలసినది లేదు గాని, ఫలితం మాత్రం మనకు బాధాకరం.

ఎందుకంటారా? టాటానగర్ నుండి ఖరగ్‌పూర్ వెళ్లే రైలు మార్గం మీద, ఖరగ్‌పూర్‌కు కాస్త ముందుగా కలైకుండా అనే స్టేషన్ వస్తుంది. అక్కడి వైమానిక స్థావరానికి చెందిన 22వ స్క్వాడ్రన్ 1971లో నాట్‌లను నడిపేది. దానిలోని కొన్ని విమానాలను కలకత్తా సమీపాన డమ్‌డమ్‌లో సిద్ధంగా ఉంచారు. యుద్ధం ఇంకా ప్రకటితం కాని నవంబరు 22న, సరిహద్దు వద్ద బొయ్రా ప్రాంతంపైకి వచ్చిన పాకిస్తానీ సేబర్ జెట్‌లను మాసీ, గణపతి, లాజరస్, సోరెజ్ అనే నలుగురు యువ పైలట్లు నాట్‌లలో వెళ్లి ఎదుర్కొన్నారు. పోరాటం నిమిషాలలో ముగిసింది. పారాచూట్‌లతో దిగిన ఇద్దరు పాకిస్తానీ పైలట్లు బందీలైనారు. వారిలో ఒకరైన పర్వేజ్ మెహదీ ఖురేషీ అనంతర కాలంలో తమ దేశపు వైమానిక దళానికే అధిపతి అయినారు. గోల్‌మురి నుండి చూస్తే ఇది పొరుగింటి చరిత్ర. అయినా ఆ విమానం బొమ్మను బల్ల మీద పెట్టుకోదలచినవానికి దుకాణంలో దొరికేది రెడ్ యారోస్ వారి ఎర్రని శిక్షణ విమానమే. ఆ రోజులలో విదేశీ కిట్ దొరకడమే గగనం. దొరికినదీ మన విమానం కాదు.

ఇక పని సంగతి. మొదట కావలసినవి రంపమూ జిగురూ కావు, లెక్కలు. శిక్షణ విమానం పొడవు 9.68 మీటర్లు, రెక్కల విస్తారం 7.32 మీటర్లు. డెబ్బది రెండుతో భాగిస్తే, మొండెంలో 13 మిల్లీమీటర్లు, రెక్కల విస్తారంలో 8 మిల్లీమీటర్లు తగ్గించాలని తేలుతుంది. ఇంతేనా, రెక్క కొనలు నాలుగేసి మిల్లీమీటర్లు కత్తిరిస్తే సరిపోదా అని తొందరపడేవారు రెక్క వైశాల్యం కూడ చూడాలి. యుద్ధవిమానపు రెక్క వైశాల్యం 12.69 చదరపు మీటర్లు, శిక్షణ విమానానిది 16.26. విస్తారం నూటికి తొమ్మిది పాళ్లే పెరిగినప్పుడు వైశాల్యం ఇరవై ఎనిమిది పాళ్లు పెరిగిందంటే, రెక్క వెడల్పు కూడ పెరిగిందన్నమాట. సగటు వెడల్పు కిట్‌లో సుమారు 31 మిల్లీమీటర్లు ఉండగా, మనకు కావలసినది 26. కొనలు మాత్రమే కత్తిరించిన నమూనా దూరం నుండి నాట్‌లాగే కనబడుతుంది. దగ్గరకు వచ్చి చూస్తే అది పొట్టి లాగు తొడుక్కున్న శిక్షణ విమానం. అందుచేత రెక్కను ముందువైపు, వెనుకవైపు కూడ ఆకురాయితో అరగదీసి, అంచులకు మళ్లీ నునుపైన వంపు తేవాలి. పైగా యుద్ధవిమానంలో ఎయిలరాన్లు మొండెం వైపున ఉండి, దిగే సమయంలో రెండూ క్రిందికి వంగి ఫ్లాప్‌ల పని కూడ చేసేవి. శిక్షణ విమానంలో ఎయిలరాన్లు కొనల వైపుకు జరిగి, ఫ్లాప్‌లు వేరుగా వచ్చాయి. కనుక కిట్ మీది గీతలను పుట్టీతో పూడ్చి, సూదిమొనతో కొత్తవి గీయాలి.

మొండెంలోని 13 మిల్లీమీటర్లను ఒకే చోట తీసివేయరాదు. అలా తీస్తే రెక్కకూ తోకకూ మధ్య దూరమో, రెక్కకూ ముక్కుకూ మధ్య దూరమో చెడిపోతుంది. అసలు విమానపు పార్శ్వ చిత్రాన్ని నమూనా కొలతకు కుదించి గీసుకుని, కిట్ మొండెాన్ని దానిపై పరచి, ఎక్కడ ఎంత ఎక్కువ ఉన్నదో గుర్తు పెట్టుకోవాలి. గుండ్రని మొండెం మీద తిన్నని గీత రావాలంటే ఇన్సులేషన్ టేపును చుట్టూ తిప్పి అంటించి, దాని అంచు వెంట కోయాలి. హాక్సా బ్లేడు తాను పోయిన చోట అర మిల్లీమీటరుకు పైగా ప్లాస్టిక్‌ను తినివేస్తుంది. ఈ కొలతలో అది అసలు విమానంలో నాలుగైదు సెంటీమీటర్లకు సమానం. కనుక సన్నని పళ్ల పలుచని బ్లేడు వాడాలి, గీతకు అవతలి ప్రక్కనే కోయాలి. కార్ఖానాలో ఫిట్టర్ పని నేర్చినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఉక్కు మీద మిల్లీమీటరులో పదోవంతు కోసం పోరాడే చేతులకు ప్లాస్టిక్ ఒక సెలవుదినం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో అటువంటి చేతులకు ఏనాడూ కొరత లేదు.

అన్నిటికంటె కష్టమైనది గాజుకప్పు. కిట్‌లోది ఇద్దరి కోసం చేసిన పొడుగాటి కప్పు. దానిని నరికితే ఒక్కరి కప్పు రాదు, వంపు వేరు. వెనుక సీటు స్థలాన్ని ప్లాస్టిక్ రేకుతో మూసి, పుట్టీతో వీపు మలచిన తరువాత కొత్త కప్పు చేయాలి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి వంటి మెత్తని కర్రతో కప్పు ఆకారాన్ని చెక్కి, వాటర్ పేపరుతో అద్దంలా నునుపు చేయాలి. కప్పుగా మారే పారదర్శక రేకుకు కూడ మందం ఉంటుంది కనుక కర్ర అచ్చు ఒక వెంట్రుకవాసి చిన్నదిగా ఉండాలి. ఒక పలుచని చెక్కలో అచ్చు దూరేటంత రంధ్రం కోసి, దానిపై పారదర్శకమైన ప్లాస్టిక్ రేకును బిగించి, వేడి మీద అది మెత్తబడగానే అచ్చును ఒక్క ఊపున రంధ్రంలో గుండా నొక్కాలి. తడబడితే పొగచూరుతుంది, ముడత పడుతుంది. పది రేకులు పాడైన తరువాత పదకొండవది కప్పు అయితే అది మంచి రోజే. ఈ మెలకువ ఏ పుస్తకం చదివినా రాదు. అరచేతికి తగిలే వేడితోనే వస్తుంది.

మిగిలినవి త్వరగా అవుతాయి. నిలువు తోకను తగ్గించాలి. యుద్ధవిమానపు ఆయుధాలైన రెండు 30 మిల్లీమీటర్ల ఏడెన్ ఫిరంగులు, గాలి లోనికి పోయే ద్వారాల అంచులలో చెరొకటి ఉంటాయి. శిక్షణ విమానానికి అవి లేవు. నమూనాలో వాటి గొట్టాల రంధ్రం సుమారు 0.4 మిల్లీమీటరు, కుట్టుసూది మొన సరిపోతుంది. ఇక మొదట చెప్పిన రేకు. నాట్‌లో చక్రాలను కొంత దించితే వాటి తలుపులే గాలికి అడ్డుపడి వేగాన్ని తగ్గిస్తాయి. వేరే బ్రేకు పలకల బరువు తప్పించడానికి పెటర్ వేసిన ఎత్తు అది. కిట్‌లో తలుపు ఒక మిల్లీమీటరు మందం ఉంటే అసలు విమానంలో ఏడు సెంటీమీటర్ల దిమ్మ అన్నమాట. అదే 0.2 మిల్లీమీటరు తగరపు రేకు అయితే సెంటీమీటరున్నర కూడ మించదు, చూపుకు నిజమైన తలుపు. ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది కనుక లోహం మీద పనిచేయదు, సైనో జిగురు వాడాలి. ముక్కు చిన్నదైపోయింది కాబట్టి చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లను మూసేముందే అందులో కూరాలి. లేకుంటే విమానం తోక మీద కూర్చుంటుంది.

రంగుల దగ్గర మరొక విధమైన శ్రద్ధ అవసరం. వెలుపల ఆకుపచ్చ, నడుమ తెలుపు, మధ్య కాషాయం ఉన్న మన వృత్తచిహ్నాన్ని వృత్తలేఖినితో గీసి రంగు వేసుకోవచ్చు. కాని విమానం నంబరు? 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి వచ్చిన ఆరు సేబర్‌లను ఒంటరిగా ఎదుర్కొని ప్రాణాలర్పించిన నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపినది నాట్‌నే. వైమానిక దళంలో పరమవీర చక్ర లభించినది ఆయనకొక్కరికే. ఆయన విమానమని చెప్పి ఊహించిన నంబరు వేయడం, సమాధి రాయి మీద తోచిన పేరు చెక్కడం వంటిది. ఫోటోలో కనబడిన నంబరునే వేయాలి. కనబడకపోతే ఆ చోటును ఖాళీగా వదలాలి. ఖాళీ చోటు చూసి నవ్వేవారు నవ్వవచ్చు.

పూర్తయిన నాట్‌ను అదే కొలతలో చేసిన సేబర్ ప్రక్కన నిలబెట్టి చూడండి. సేబర్ రెక్కల విస్తారం 157 మిల్లీమీటర్లు, నాట్‌ది 93. ఎదుటి పైలటుకు ఇది ఎందుకు చివరి క్షణం వరకు కనబడేది కాదో ఒక్క చూపులో తెలుస్తుంది. దాని లోపాలు కూడ పని చేస్తుండగానే బోధపడతాయి. ఇంత సన్నని మొండెంలో యంత్రం, ఇంధనం, తుపాకులు, చక్రాలు కూరిన తరువాత మరమ్మతు చేసేవాని చేయి దూరడానికి చోటు మిగలదు.

ఇటీవలి సంవత్సరాలలో చెక్ దేశపు స్పెషల్ హాబీ సంస్థ ఒంటిసీటు నాట్‌ను ఇదే కొలతలో విడుదల చేసింది. ఇక ఈ కోతలన్నీ ఎందుకని అడగవచ్చు. షోకేసులో పెట్టడానికైతే నిజంగానే అక్కరలేదు, ఆ కిట్ కొనడమే మేలు. రెక్క వెడల్పు ఎందుకు మారిందో, తలుపు ఎందుకు బ్రేకు అయిందో తెలుసుకోగోరేవానికి మాత్రం పాత శిక్షణ విమానమే ఇప్పటికీ మంచి పాఠ్యపుస్తకం.

పైగా ఈ పనికి బెంగుళూరులోనే పూర్వోదాహరణ ఉన్నది. నాట్‌లో ఇంధనం చాలదని గ్రహించిన మన ఇంజనీర్లు 1970లలో రెక్కలనే ఇంధనపు తొట్లుగా మలచి అజీత్‌ను రూపొందించారు. దాని మొదటి నమూనాలు నాట్ విమానాలను మార్చి చేసినవే. తరువాత కూడ పది నాట్‌లను అజీత్‌లుగా మార్చారు. ఆ విమానాలు 1991లో సేవ నుండి విరమించాయి. ఇంధనం రెక్కలోకి చేరడంతో రెక్క క్రింది చోటు ఆయుధాలకు దక్కింది. నాట్‌ను పూర్తి చేసినవారు అజీత్ కూడ చేయదలిస్తే, ఒక్కొక్క రెక్క క్రింద రెండేసి చొప్పున నాలుగు ఆయుధపు కొక్కేలు అమర్చాలి. వాటికి కూడ తగరపు రేకే తగినది. రెండు పొరలుగా మడిచి, ముందు అంచును ఆకురాయితో గుండ్రం చేస్తే చాలు.